అడిగిన పాట, అడగని పాట

విద్యార్థి సంఘం కార్యదర్శి మొన్న మా ఇంటికి వచ్చి, వార్షిక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం రాసి ఇమ్మని అడిగిండు. ఘంటసాల గురించి రాస్తనని చెప్పిన. ఆ పిల్లవాని ముఖం కొంచెం చిన్నబోయింది. అందరికీ తెలిసిన ఘంటసాల గురించి కొత్తగా రాసేదేముంటదని అనుకున్నడేమో! నన్ను చాలా ఏండ్లుగా పట్టి పీడిస్తున్న సంగతి కూడ అదే. ఘంటసాల అందరికీ తెలుసు. కాని మనకు తెలిసింది పది పన్నెండు పాటల ఘంటసాల. ఆ పాటల అవతల ఉన్న మనిషిని నాకు చూపించింది ఏ సంగీత విద్వాంసుడూ కాదు, సిరిసిల్లలో సాంచాల మీద పనిచేసే ఒక పెద్దమనిషి.

నేను ఈ కళాశాల పూర్వ విద్యార్థిని. చదువుకునే రోజుల్లోను, ఆ తర్వాత మరికొన్నేండ్లు మాకొక ఆర్కెస్ట్రా ఉండేది. పేరుకే ఆర్కెస్ట్రా, ఒక హార్మోనియం, తబలా, డోలక్, అద్దె మైకుసెట్టు, ఇంతే మా ఆస్తి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మా రాజ్యం. అప్పుడు మూడూ కరీంనగర్ జిల్లాలోనివే. 2016లో జగిత్యాల ఒక జిల్లా, సిరిసిల్ల ఒక జిల్లా అయినై. కోరుట్ల జగిత్యాలతో ఉండిపోయింది. గణేశ్ నవరాత్రులకు, పెండ్లిళ్లకు, డిసెంబరు 4న ఘంటసాల జయంతికి, ఫిబ్రవరి 11న వర్ధంతికి పాడేవాళ్లం. శ్రోతలు చిట్టీలు పంపేవారు. దేవదాసు, మాయాబజార్, పుష్పవిలాపం అడగని రాత్రి ఒక్కటి కూడ లేదు. అవి వస్తే చాలు, ఊరు గెలిచినట్టేనని మా లెక్క.

1986 నవరాత్రులలో సిరిసిల్లలో ఒక మండపం దగ్గర పాడుతున్నం. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన చిట్టీ పంపిండు. రహస్యం సినిమాలోని గిరిజా కల్యాణం పాడుమని అందులో ఉన్నది. నాకు రాదు. నిజం చెప్పాలంటే ఆ పేరు కూడ నేను వినలేదు. చిన్నగ నవ్వి, చిట్టీని హార్మోనియం కింద పెట్టి, దేవదాసు పాట ఎత్తుకున్న. చప్పట్లు మోగినై.

కార్యక్రమం అయినంక ఆయన స్టేజీ పక్కకు వచ్చి, నన్ను బిడ్డా అని పిలిచి మాట్లాడిండు. పెండ్లయిన కొత్తల భార్యతో కలిసి ఆ సినిమా చూసిండట. సినిమా ఆడలేదుగాని, ఆ ఒక్క యక్షగానం కోసం ఇద్దరూ రెండోసారి పోయినరట. పొద్దంత సాంచాల చప్పుడులో లోలోపల అదే పాడుకుంటడట. బ్యానరు మీద ఘంటసాల పేరు చూసి, ఇయ్యాలనన్న వినొచ్చునని వచ్చిండట. ఆయన మాటల్లో కోపం లేదు. కోపముంటే నేను మరచిపోయేవాణ్ణేమో. ఘంటసాల పేరు బ్యానరు మీద కట్టుకొని తిరుగుతున్న నాకు ఆ ఘంటసాల ఎవరో తెలియదని ఆ రాత్రి మొట్టమొదటిసారి తెలిసింది. అప్పటి నుంచి దొరికిన పుస్తకమల్లా చదివిన, తెలిసినవాళ్లనల్లా అడిగిన. ఇక్కడ రాస్తున్నది ఆ వెతుకులాటలో నాకు అర్థమైన జీవితం.

ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న కృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతంలోని చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్య, తల్లి రత్తమ్మ. తండ్రి మృదంగం వాయించేవారు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. భజనలకు పోయేటప్పుడు కొడుకును భుజానికెత్తుకొని తీసుకుపోయేవారు. తండ్రి పాడుతుంటే ఆ పసివాడు నాట్యం చేసేవాడు. ఆ తండ్రి ఎంతోకాలం బతకలేదు. కొడుకు గొప్ప సంగీత విద్వాంసుడు కావలెనన్నది ఆయన చివరి కోరిక. అటుపైన మేనమామ ఆ కుటుంబానికి అండగా నిలిచారు.

సంగీతం నేర్పించే స్తోమత ఇంట్లో లేదు. ఆ పిల్లవాడు చెప్పకుండా ఇల్లు విడిచి, చేతి ఉంగరం అమ్ముకొని విజయనగరం చేరాడు. 1919లో స్థాపించిన మహారాజావారి సంగీత కళాశాల అక్కడ ఉన్నది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. వారి తర్వాత వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఆ స్థానంలో ఉన్నారు. విద్య దొరికింది గాని అన్నం దొరకలేదు. జోలె కట్టుకొని ఇల్లిల్లూ తిరిగి మధుకరం ఎత్తుకొని తిన్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ కుర్రవాని గొంతును గుర్తించి, శిష్యునిగా చేరదీసి, ప్రతిఫలం ఆశించకుండా విద్య చెప్పారు. విద్యార్థి మిత్రులు ఈ ఘట్టం దగ్గర ఒక్క క్షణం ఆగవలె. హాస్టల్ భోజనం బాగలేదని మనం మెమొరాండాలు ఇస్తం. ఇవ్వవలసిందే, అది మన హక్కు. కాని ఆ జోలె కూడ గుర్తుండవలె.

సంగీతం నేర్చుకొని ఊరికి తిరిగి వచ్చి కచేరీలు చేశారు, పిల్లలకు పాఠాలు చెప్పారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని అరెస్టయి, బళ్ళారి దగ్గరి అలీపురం జైలులో సుమారు ఏడాదిన్నర శిక్ష అనుభవించారు. 1944లో పెదపులివర్రు గ్రామానికి చెందిన సావిత్రిగారితో వివాహమైంది. సినీకవి సముద్రాల రాఘవాచార్యులుగారిదీ ఆ ఊరే. ఆయన ఈ యువకుని పాట విని మద్రాసు రమ్మన్నారు. పోయిన మొదట్లో పానగల్ పార్కులో రాత్రులు పడుకున్నారని అంటారు. 1944లో సీతారామ జననంలో బృందగానంలో ఒక గొంతు ఆయనది. 1945లో స్వర్గసీమలో భానుమతిగారితో కలిసి పాడారు. అక్కడి నుంచి మార్గం తెరుచుకున్నది.

1949లో మనదేశం, కీలుగుర్రం, 1951లో పాతాళభైరవి. ఇవన్నీ ఆయన సంగీత దర్శకత్వంలోనివే. పాతాళభైరవితో ఆ గొంతు తెలుగునాట ప్రతి గడపకూ చేరింది. 1953లో సి.ఆర్. సుబ్బురామన్ సంగీతంలో దేవదాసు వచ్చింది. 1957లో మాయాబజార్. దానికి మొదట సాలూరి రాజేశ్వరరావుగారు కొన్ని బాణీలు కట్టి తప్పుకోగా, మిగిలిన భారమంతా ఘంటసాల మోశారు. అందులోని పడవపాట మోహనరాగంలో ఉంటది. ఆ రాగం పేరు తెలియని పల్లెటూరివాళ్లు కూడ ఆ రాగం తలకెక్కించుకున్నరు. 1961లో జగదేకవీరుని కథలో పెండ్యాల నాగేశ్వరరావుగారు దర్బారీ కానడలో ఒక కఠినమైన పాట కట్టి ఘంటసాల చేత పాడించారు. మంచి విద్వాంసులు కూడ జంకే ఆ పాట రిక్షావాళ్ల నోట ఆడింది. జనానికి బరువైన సంగీతం పట్టదనేవాళ్లకు ఇదొక్కటి చాలు జవాబు.

మన ప్రాంతానికీ ఆయనకూ ఒక ముడి ఉన్నది. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో పుట్టి, సిరిసిల్లలో చదువుకున్న సి. నారాయణరెడ్డిగారు 1962లో గులేబకావళి కథకు తొలిసారి సినిమా పాటలు రాసినప్పుడు, వాటిలో అందరి నోళ్లలో నానిన యుగళగీతాన్ని సుశీలగారితో కలిసి పాడింది ఘంటసాలే. ఉర్దూ మీడియంలో చదువుకున్న మన సిరిసిల్ల తాలూకా కవి పాట ఆ గొంతు ఎక్కి రాష్ట్రమంతా తిరిగింది.

ఇవన్నీ అడిగిన పాటలు. ఇక అడగని పాటల సంగతికి వస్తాను.

ఘంటసాల సినిమా కోసమే పాడలేదు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పుష్పవిలాపం, కుంతీకుమారి పద్యాలను గ్రామఫోను రికార్డులకు పాడారు. దాశరథిగారు రాసిన ప్రేమగీతం పాడారు. స్వయంగా రాసుకున్న పాటలూ ఉన్నాయి. పద్యం చదివే తీరునే ఆయన మార్చారు. అంతకుముందు నాటకాలలో ఒక్కొక్క పాదానికి దీర్ఘమైన రాగం తీసేవారు. శ్రోతకు రాగం దక్కేది, మాట జారిపోయేది. ఘంటసాల రాగాన్ని తగ్గించి, మాటకు తావిచ్చి, భావం ఎక్కడ బరువెక్కుతదో అక్కడ మాత్రమే గొంతు విప్పారు. చదువురానివానికి కూడ పద్యం అర్థం కావడానికి కారణమిదే. హిందుస్తానీ మహావిద్వాంసుడు బడే గులాం అలీఖాన్ మద్రాసు వచ్చినప్పుడు ఆయన ఇంట అతిథిగా ఉండి పాడేవారంటే, ఆ ఇంటికి సంగీతం మీద ఉన్న గౌరవం ఎంతటిదో ఊహించుకోవచ్చు.

సొంతంగా పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ సినిమాలు తీసి చేతులు కాల్చుకున్నారు. ఇక రహస్యం. 1963లో లవకుశ తీసి చరిత్ర సృష్టించిన సంస్థే 1967లో రహస్యం తీసింది. రెండింటికీ సంగీతం ఘంటసాలదే. లవకుశ ఊరూరా పండుగలాగ ఆడింది, రహస్యం పడిపోయింది. మల్లాది రామకృష్ణశాస్త్రిగారు రాసిన గిరిజా కల్యాణం ఆ పడిపోయిన సినిమాలోనిది. సినిమాతోపాటు పాట కూడ మరుగున పడ్డది. అది విన్నాక నాకు తెలిసిందేమంటే, ఆయన అక్కడ పెట్టిన శ్రద్ధ లవకుశలో పెట్టిన శ్రద్ధకు రవ్వంత కూడ తక్కువ కాదు. ఏ పాటకు చప్పట్లు వస్తయో, ఏ పాటకు రావో పాడేవానికి ముందు తెలియదు. గెలిచిన పాటకూ ఓడిన పాటకూ చెమట ఒక్కతీరే.

పేరున్న గాయకుడు స్టేజీ ఎక్కినప్పుడు అసలు చిక్కు ఇక్కడే వస్తది. శాస్త్రీయ కచేరీకి ఒక పద్ధతి ఉన్నది. అరియకుడి రామానుజ అయ్యంగార్ వంటి పెద్దలు స్థిరపరచినట్టు వర్ణంతో మొదలై, కృతులు నడిచి, నడుమ ప్రధాన రాగం విస్తరించి, ఆఖరుకు జనం ఇష్టపడే చిన్న పాటలు వస్తయి. బరువూ తేలికా రెంటికీ అందులో చోటున్నది. సినిమా గాయకునికి అట్లాంటి పద్ధతి ఎవరూ కట్టి ఇయ్యలేదు. జనం రికార్డులో విన్నదే, విన్నట్టే కావాలంటరు. ఇరవై ఏండ్ల కింద పాడిన పాటను అదే గొంతుతో మళ్లీ పాడుమంటరు. పాడినవానికి అప్పటికి వయసు పైబడి ఉంటది, మనసు ఇంకో పాట మీద ఉంటది. ఘంటసాల సినిమా పాటల పక్కన పద్యాన్ని, సినిమాకు సంబంధం లేని గీతాన్ని కూర్చోబెట్టి పాడారు. విజయనగరంలో నేర్చిన కచేరీ మర్యాద ఆయన ఎన్నడూ మరచిపోలేదనిపిస్తది. గురువుగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు చాలా ఏండ్లు ఆయనకు సహాయకులుగా, హార్మోనియం తోడుగా ఉన్నారు. అంటే జోలె పట్టిననాటి విద్య చివరిదాకా ఆయన పక్కనే కూర్చున్నదన్నమాట.

ఇవన్నీ తెలిసినంక నాకు గర్వం తలకెక్కింది. మరుసటి ఫిబ్రవరి 11న కోరుట్లలో వర్ధంతి కార్యక్రమం. ఎవరూ వినని పాటలే పాడి వీళ్లకు అసలు ఘంటసాలను చూపిస్తనని నిశ్చయించుకున్న. చిట్టీలు తీసుకోవద్దని మావాళ్లకు చెప్పిన. ఒక పాట, రెండు పాటలు, ఐదు పాటలు. అరగంటలో షామియానా సగం ఖాళీ అయింది. పొద్దంత బీడీలు చుట్టి వచ్చిన ఒకామె, చంకలో పిల్లతో, మాయాబజార్ పడవపాట ఒక్కటి పాడుమని అడిగించింది. ఆ పాట వింటే పిల్ల నిద్రపోతదట. నేను పాడలేదు. ఆమె కాసేపు చూసి లేచిపోయింది. మా తబలా ఆయన బస్సులో జగిత్యాల వచ్చేదాక నాతోని మాట్లాడలేదు. సిరిసిల్లలో తెలియక తప్పు చేసిన. కోరుట్లలో తెలిసి చేసిన. రెండోది పెద్ద తప్పు.

ఘంటసాల జీవితంలోని చివరి నాలుగేండ్లు నాకు అప్పుడు కొత్తగా అర్థమైనయి. 1970లో పద్మశ్రీ వచ్చింది, హైదరాబాదులో ఆయన సినిమా పాటకు రజతోత్సవం జరిగింది. 1971లో ఐరోపా, అమెరికా పర్యటించి అక్కడి తెలుగువారికి పాడి వచ్చారు. ఇల్లు విడిచి అంతదూరం పోయి బతుకుతున్నవాళ్లకు పాత పాట అంటే ఊరి మట్టి వాసన. అది అడగడంలో తప్పేమున్నది? 1972లో రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరారు. చక్కెర వ్యాధి అప్పటికే ఉన్నది. ఆ జబ్బు నుంచి లేచినప్పుడు ఆయన మనసు భగవద్గీత మీదికి మళ్లింది. ఎంచుకున్న శ్లోకాలకు తెలుగు తాత్పర్యం చేర్చి పాడారు. అది పూర్తయినాక సినిమా పాటలు మానుకుందామని కూడ అనుకున్నారట.

కాని మానలేదు. 1973లో భక్త తుకారాం, జీవన తరంగాలు, దేవుడు చేసిన మనుషులు, అన్నింటిలో ఆ గొంతు ఉన్నది. అలసిన గొంతు, కొంచెం బరువెక్కిన గొంతు. అయినా అడిగినవారికి లేదనలేదు. తన మనసు కోరిన పాట పాడుకున్నారు, జనం కోరిన పాటా పాడారు. ఒకదాని కోసం ఇంకొకదాన్ని చిన్నచూపు చూడలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏండ్లే. భగవద్గీత రికార్డు ఆయన పోయినాకనే విడుదలైంది.

ఆ రికార్డు గతి ఏమైందో మనకందరికీ తెలుసు. ఎవరూ అడగకుండా, తన కోసం పాడుకున్న ఆ గీత, సినిమా పాటలతో సమానంగా ఊరూరా మోగింది. కాని మనం దాన్ని చావింటికి కట్టేసినం. వీధిలో ఆ గొంతు వినబడితే ఎవరు పోయినరని అడుగుతం. బతికి లేచిన మనిషి బతుకు కోసం పాడిన శ్లోకాలవి. ఒక పాటను ఒక్కచోటనే, ఒక్క సందర్భానికే వింటుంటే అది ఎంత గొప్పదైనా కుంచించుకపోతదనడానికి ఇంతకంటె సాక్ష్యం ఏం కావాలె?

1988లో మన కళాశాలలో జయంతి కార్యక్రమం జరిగింది. కరీంనగర్‌లో ఒక క్యాసెట్ల దుకాణంలో గిరిజా కల్యాణం రికార్డు చేయించుకొని, ఆరు నెలలు సాధన చేసిన. అది ఒక్కని వల్ల అయ్యేది కాదు గనుక ఇద్దరు విద్యార్థినులు తోడు పాడినరు. ఆ రోజు చిట్టీలు తీసుకున్నం. ముందు శ్లోకం, తర్వాత అందరూ అడిగిన రెండు పాటలు. సభ మనదైంది. మాయాబజార్ పడవపాట పాడి, అదే మోహన రాగాన్ని హార్మోనియం మీద నిలిపి, ఎవరూ అడగని ఒక పద్యం అందుకున్న. చెవి అప్పటికే ఆ రాగంలో ఉన్నది గనుక ఎవరూ కదలలేదు. మళ్లీ రెండు అడిగిన పాటలు, మళ్లీ ఒకటి అడగనిది. నడుమ గిరిజా కల్యాణం. దాని గురించి రెండు ముక్కలు చెప్పి, ఈ పాట సిరిసిల్ల నుంచి ఒక పెద్దాయన అడిగిండని చెప్పి మొదలుపెట్టిన. ఆఖరుకు పుష్పవిలాపం. మరునాడు ఒక లెక్చరరుగారు నన్ను ఆపి అడిగింది పుష్పవిలాపం గురించి కాదు, ఆ యక్షగానం ఎక్కడ దొరుకుతదని.

ఆ మరుసటి ఏడు నవరాత్రులకు సిరిసిల్ల పోయినప్పుడు అదే మండపం దగ్గర ఆ పెద్దాయన కోసం వెతికిన. సాంచాలు సరిగ్గ నడుస్తలేవని భీవండి పోయిండని చెప్పినరు. మళ్లీ కనబడలేదు. ఆయన లేకపోయినా గిరిజా కల్యాణం పాడినం. ముందు వరుసలో ఎవరో ఒకాయన కళ్లు మూసుకొని తల ఊపుతుంటే, ఈయన కూడ ఏ సినిమా హాలులోనో ఎవరి పక్కనో కూర్చొని దీన్ని విని ఉంటడని అనుకున్న.

2003లో తపాలా శాఖ ఘంటసాల బొమ్మతో స్టాంపు వేసింది. 2022లో శతజయంతి చేసుకున్నం. విగ్రహాలున్నై, దండలున్నై. విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. రేపు మీరు జయంతి చేసినప్పుడు అందరికీ తెలిసిన పాటలు పాడండి. అవి జనం సొత్తు, వాళ్లకు ఇవ్వవలసిన బాకీ. కాని ప్రతి సభలో కనీసం ఒక్కటి, ఎవరూ అడగని పాట నేర్చుకొని పాడండి. అది ఆయనకు మనం తీర్చవలసిన బాకీ. చిట్టీలో మీకు తెలియని పాట వస్తే హార్మోనియం కింద పెట్టకండి. జేబులో పెట్టుకొని ఇంటికి తీసుకపోండి.

ఆ అమరగాయకునికి, ఆ సిరిసిల్ల పెద్దమనిషికి, కోరుట్లలో పాట అడిగి లేచిపోయిన ఆ తల్లికి ఈ వ్యాసం నా నివాళి.